డాలర్లలో సంపాదన, కాపురం ఎక్కడ? ఇల్లు, దుబాయ్, థాయ్‌లాండ్, మలేషియా, యూరప్‌ల వీసా–పన్ను లెక్క

అమెరికా కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తూ నెలనెలా డాలర్లు అందుకునేవాళ్ళు ఇప్పుడు మాదాపూర్‌లోనే కాదు, భీమవరంలోనూ కరీంనగర్‌లోనూ ఉన్నారు. వాళ్ళలో చాలామందికి ఏదో ఒక రోజు ఒకే ఆలోచన వస్తుంది. పని ఎక్కడినుంచైనా చేసుకోవచ్చు కదా, ఆ పనేదో పన్ను లేని దేశంలో కూర్చుని చేస్తే పోదా అని.

ఆలోచనలో తప్పేమీ లేదు. వరుసే తిరగబడి ఉంటుంది. ముందు దేశం పేరు ఖాయమవుతుంది, తర్వాత దానికి వీసా వెతుకుతారు, పన్ను సంగతి జులైలో రిటర్న్ వేసేటప్పుడు గుర్తొస్తుంది. మొదట తేల్చుకోవాల్సింది మీ డబ్బు ఏ రూపంలో వస్తోందన్నది: పేరోల్ మీద జీతంగానా, కాంట్రాక్టర్‌గా ఇన్వాయిస్ మీదా? తర్వాత, ఏడాదిలో ఇండియాలో ఎన్ని రోజులు ఉంటారు? ఈ రెండూ తేలాక దేశం ఎంచుకోవడం సగం అయిపోయినట్టే.

వీసా, పన్ను రెండూ వేర్వేరు ఆఫీసుల వ్యవహారం. వీసా ఇచ్చిన ఆఫీసు మీరు ఎంతకాలం ఉండొచ్చో చెబుతుంది. పన్ను ఆఫీసు మీరు నిజంగా ఎన్ని రోజులు ఉన్నారో లెక్కపెడుతుంది. దుబాయ్ వీసా చేతిలో ఉన్నా ఆ ఏడాది మొత్తం సంపాదన మీద ఇండియాలో పన్ను కట్టాల్సి రావచ్చు. థాయ్‌లాండ్ ఐదేళ్ళ వీసా ఇచ్చినంత మాత్రాన అక్కడ పన్ను లేదని కాదు.

ముందు ఇంటి లెక్క

విదేశాల గురించి అడిగేవాళ్ళలో ఎక్కువమంది ఇంటి దగ్గర తమకెంత పన్ను పడుతుందో సరిగ్గా వేసి చూసుకోరు. "30 శాతం పోతోంది" అంటారు. కాంట్రాక్టర్‌గా పనిచేసేవాళ్ళకు ఆ మాట చాలాసార్లు నిజం కాదు.

ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీఏ అనే సెక్షన్ ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చి నంబర్లు మారాయి కానీ సీఏలు దాన్ని ఇంకా పాత నంబరుతోనే పిలుస్తున్నారు, నేనూ అలాగే పిలుస్తాను. ఇంజినీరింగ్, సాంకేతిక సలహా, న్యాయం, వైద్యం, ఆర్కిటెక్చర్, అకౌంటెన్సీ వంటి నిర్ణీత వృత్తుల్లో ఉన్న రెసిడెంట్లు (పన్ను లెక్కలో ఇండియాలో నివసిస్తున్నవాళ్ళు) తమ వసూళ్ళలో సగాన్నే లాభంగా చూపించి దాని మీద పన్ను కట్టొచ్చు. ఖర్చుల బిల్లులు దాచనక్కర్లేదు, ఆడిట్ అక్కర్లేదు. పరిమితి 50 లక్షలు. నగదుగా వచ్చింది 5 శాతం మించకపోతే 75 లక్షలు. విదేశీ క్లయింట్ల డబ్బు ఎలాగూ బ్యాంకు ద్వారానే వస్తుంది కాబట్టి మనకు 75 లక్షలే వర్తిస్తుంది.

2025-26 కొత్త విధానం స్లాబులతో వేసి చూడండి. ఏడాది వసూలు 24 లక్షలైతే పన్ను లెక్కకు వచ్చేది 12 లక్షలు. రిబేటు పోను కట్టాల్సింది సున్నా. వసూలు 40 లక్షలైతే 20 లక్షల మీద సెస్సుతో కలిపి 2,08,000 రూపాయలు. 60 లక్షలైతే 4,99,200. 75 లక్షలైతే 7,33,200. అంటే మొత్తం వసూలులో 10 శాతం కూడా కాదు.

అదే 60 లక్షలు ఇండియా పేరోల్ మీద జీతంగా వస్తే? స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేశాక, 50 లక్షలు దాటినందుకు పడే సర్‌చార్జి, సెస్సు కలిపితే పన్ను దాదాపు 15.5 లక్షలు. డబ్బు అంతే, పని అదే, పన్ను మూడింతలు. అందుకే దేశం సంగతి పక్కన పెట్టి ముందు కాంట్రాక్టు కాగితం చూసుకోమంటాను.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్లు ఇంజినీరింగ్, సాంకేతిక సలహా అన్న మాటల కిందే ఈ సెక్షన్‌ను వాడుకుంటున్నారు. జాబితాలో లేని పని చేసేవాళ్ళకు ఇది దొరకదు. రెండోది, ఒకే క్లయింటు, నెలకు ఇంతని స్థిరమైన మొత్తం, జీతంతో కూడిన సెలవులు, నోటీసు పీరియడ్, మేనేజరుకు రిపోర్టు చేయడం, ఇవన్నీ రాసి ఉన్న కాంట్రాక్టును ఎవరైనా ఉద్యోగమనే అంటారు. దాన్ని వృత్తి ఆదాయంగా చూపిస్తే ప్రశ్నలు రావచ్చు. కాంట్రాక్టు భాష చదివి చెప్పగల సీఏకి రెండు మూడు వేలు ఎక్కువ ఇచ్చినా పరవాలేదు.

వసూలు 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు ఉండాలి. సేవల ఎగుమతి మీద జీఎస్టీ సున్నాయే, కానీ ఏటా ఎల్‌యూటీ అనే హామీపత్రం దాఖలు చేయాలి. ఇది మరిచిపోయి తర్వాత నోటీసులకు జవాబులు రాసుకునేవాళ్ళు చాలామందే ఉంటారు. ముందస్తు పన్ను మాత్రం 44ఏడీఏ వాళ్ళకు తేలిక: మార్చి 15 లోపు ఒకే విడత.

ఇంక అసలు మలుపు 75 లక్షల దగ్గర ఉంది. వసూలు 80 లక్షలయ్యిందనుకోండి, నిజమైన ఖర్చులు 5 లక్షలే చూపించగలరనుకోండి. సగం లెక్క పోయింది, 75 లక్షల లాభం మీద పూర్తి పన్ను, ఆడిట్ కూడా. కట్టాల్సింది 20.9 లక్షల పైచిలుకు. వసూలు 5 లక్షలు పెరిగితే పన్ను 13 లక్షలకు పైగా పెరిగింది. విదేశం వెళ్ళాలా అన్న ప్రశ్నకు డబ్బు పరంగా అర్థం ఉండేది ఈ గీత దాటినవాళ్ళకు, పెద్ద జీతం తీసుకునే పేరోల్ ఉద్యోగులకు. మిగతావాళ్ళు వెళ్ళాలనుకుంటే వేరే కారణాలతో వెళ్ళొచ్చు, పన్ను పేరు చెప్పుకోనక్కర్లేదు.

దసరా చూసుకుని వెళదాం అనుకుంటే

వెళ్ళడమే ఖాయమైతే, ఏ దేశమన్నదానికంటే ఏ తారీఖున వెళుతున్నారన్నది ముఖ్యం. మన పన్ను సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్ళే భారత పౌరుడు ఆ ఏడాది ఇక్కడ 182 రోజులకంటే తక్కువ ఉంటే నాన్ రెసిడెంట్. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 28 వరకు, విమానం ఎక్కిన రోజుతో కలిపి, 181 రోజులు. పండగ చూసుకుని అక్టోబరులో బయల్దేరారంటే ఆ ఏడాదంతా మీరు రెసిడెంటే. అక్టోబరు నుంచి మార్చి వరకు దుబాయ్‌లో సంపాదించినదీ ఇక్కడి రిటర్న్‌లో చూపించాలి. ఇప్పటికే సెప్టెంబరు దాటిపోతే తొందరపడి లాభం లేదు, మార్చి దాకా ఇంట్లోనే ఉండి వెళ్ళినా ఆ ఏడాది పన్నులో తేడా రాదు.

"ఉద్యోగం కోసం" అన్న మాట మీద కూడా ఆగాలి. విదేశంలో సొంత వ్యాపారం పెట్టుకోవడం కూడా దీని కిందికే వస్తుందని కేరళ హైకోర్టు ఒక కేసులో చెప్పింది. కానీ ఊరికే తిరిగిరావడానికి వెళ్ళినట్టు కాగితాలుంటే 182 బదులు 60 రోజుల నియమం ముందుకొస్తుంది: ఆ ఏడాది 60 రోజులు, అంతకు ముందు నాలుగేళ్ళలో 365 రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంటే. పుట్టి పెరిగినవాళ్ళం, 365 రోజులు అందరికీ ఉంటాయి. కాబట్టి వెళ్ళేముందు వర్క్ పర్మిట్ గానీ, ఫ్రీలాన్స్ లైసెన్సు గానీ, రిమోట్ వర్క్ వీసా గానీ, పని కోసమే వెళ్ళారని చూపించే కాగితం చేతిలో ఉండాలి.

వెళ్ళాక ఏటా సంక్రాంతికి, పెళ్ళిళ్ళకు వచ్చి వెళ్ళేవాళ్ళకు 182 రోజుల వెసులుబాటు ఉంటుంది. ఇండియాలో ఆదాయం (ఫ్లాట్ల అద్దెలు, వడ్డీలు, షేర్ల లాభాలు) 15 లక్షలు దాటితే 120 రోజులు నిండగానే, ముందు నాలుగేళ్ళ 365 రోజులూ కలిసొస్తే, రెసిడెంటు అయిపోతారు. అలాంటివాళ్ళను 'ఆర్డినరీ కాని రెసిడెంట్' అంటారు. వాళ్ళ విదేశీ సంపాదన మామూలుగా ఇక్కడి పన్నులోకి రాదు.

ఆ 15 లక్షల గీతతోనే ఇంకో నియమం కూడా ఉంది. ఏ దేశంలోనూ పన్ను పరిధిలో లేని భారత పౌరుడికి ఇండియా ఆదాయం 15 లక్షలు దాటితే, ఒక్క రోజు కూడా ఇక్కడ ఉండకపోయినా రెసిడెంటుగానే లెక్కిస్తారు. గల్ఫ్‌లో ఉద్యోగం చేసుకునేవాళ్ళను బెదరగొట్టే వాట్సాప్ సందేశాలు దీని మీదే తిరుగుతుంటాయి. అక్కడి జీతానికి దీనివల్ల పన్ను పడదని ప్రభుత్వం 2020లోనే వివరణ ఇచ్చింది. కానీ ఫ్రీలాన్సర్లు ఒకటి గమనించాలి. ఇండియాలో ఏర్పాటైన వృత్తి నుంచి, ఇండియా నుంచి నడిచే వ్యాపారం నుంచి వచ్చే డబ్బు ఈ మినహాయింపులో లేదు. హైదరాబాద్ జీఎస్టీ నంబరు మీదే ఇన్వాయిస్‌లు పంపుతూ, ఇక్కడి కరెంటు ఖాతాలోనే డబ్బు తీసుకుంటూ, మనిషి మాత్రం దుబాయ్ మరీనాలో కూర్చుంటే, ఆ వృత్తి ఎక్కడిదని అడిగినప్పుడు ఏం చెబుతారు? వెళ్ళేవాళ్ళు మనిషితో పాటు వృత్తిని కూడా మార్చాలి: కొత్త లైసెన్సు, కొత్త ఖాతా, క్లయింటుతో కొత్త కాంట్రాక్టు.

డబ్బు మొదట ఎక్కడ పడుతుందన్నదీ చూసుకోవాలి. నాన్ రెసిడెంటుకు కూడా ఇండియాలో మొదటిసారి అందిన ఆదాయం ఇక్కడ పన్నుకు వస్తుంది. అందుకని జీతం ముందు విదేశీ ఖాతాలో పడాలి, అక్కడినుంచి ఇంటికి పంపుకోవాలి. అలాగే సెలవు మీద వచ్చి విజయవాడలో అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని రెండు నెలలు పనిచేస్తే, ఆ రెండు నెలల జీతం ఇండియాలో సంపాదించినట్టే. దుబాయ్ రెసిడెన్సీ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకు ఇందులో ఇండియా–యూఏఈ పన్ను ఒప్పందం ఆదుకోవచ్చు. అది లేనివాళ్ళకు దారి తక్కువ.

దుబాయ్

మనవాళ్ళకు మొదట తట్టే పేరు ఇదే, కారణమూ ఉంది. వ్యక్తిగత ఆదాయం మీద పన్ను లేదు, హైదరాబాద్ నుంచి నాలుగు గంటల ప్రయాణం, తెలుగు మాట వినపడని వీధి వెతకాల్సిందే.

రిమోట్ వర్క్ వీసా 2020లో మొదలైంది. ఏడాదికి ఇస్తారు, రెన్యూ చేసుకోవచ్చు. యూఏఈ బయటి కంపెనీలో ఉద్యోగం ఉండాలి లేదా సొంత కంపెనీ ఉండాలి, నెలకు కనీసం 3,500 డాలర్ల ఆదాయం చూపించాలి, అక్కడ చెల్లే ఆరోగ్య బీమా తీసుకోవాలి. ఇది పేరోల్ ఉద్యోగికి సరిగ్గా సరిపోతుంది. నలుగురైదుగురు క్లయింట్లున్న ఫ్రీలాన్సర్‌కు జీతపు స్లిప్పు ఎక్కడినుంచి వస్తుంది? అలాంటివాళ్ళు ఏదైనా ఫ్రీజోన్‌లో ఫ్రీలాన్స్ పర్మిట్ తీసుకుని దాని మీద రెసిడెన్సీ వీసా పొందడమే సూటి దారి. ఖర్చు ఎక్కువైనా, పైన చెప్పిన 'వృత్తి ఎక్కడిది' అన్న ప్రశ్నకు అదే జవాబు కూడా అవుతుంది.

2023 జూన్ నుంచి యూఏఈలో కార్పొరేట్ పన్ను 9 శాతం వచ్చింది. అది విని ఫ్రీలాన్సర్లు కంగారు పడ్డారు. వ్యక్తి పేరు మీద నడిచే వ్యాపారానికి క్యాలెండరు ఏడాదిలో టర్నోవరు 10 లక్షల దిర్హాములు దాటితేనే ఆ పన్ను చట్టం మొదలవుతుంది, జీతం దాని కిందికి రాదు. ఆ మొత్తం రెండు కోట్ల రూపాయల పైమాటే. దాటినవాళ్ళు అకౌంటెంట్‌ను పెట్టుకోగలరు.

ఇండియా ఒప్పందం ప్రయోజనం కావాలంటే క్యాలెండరు ఏడాదిలో యూఏఈలో కనీసం 183 రోజులు ఉండాలి. అక్కడి సొంత చట్టం ప్రకారం రెసిడెన్సీ అనుమతీ, ఇల్లో ఉద్యోగమో ఉన్నవాళ్ళకు 90 రోజులు చాలు, కానీ ఆ 90 రోజులు మన ఒప్పందానికి సరిపోవు. ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్‌కు పెట్టుకునేటప్పుడు ఈ తేడా మరిచిపోవద్దు. ఇల్లు అద్దెకు తీసుకుని ఎజారీ (దుబాయ్‌లో అద్దె ఒప్పందాల అధికారిక నమోదు) చేయించుకుంటే ఆ కాగితం ఇక్కడ పనికొస్తుంది. ఆర్నెల్లకు మించి వరసగా దేశం బయట ఉంటే మామూలు రెసిడెన్సీ వీసా రద్దవుతుంది.

ఇక ఖర్చు. పన్ను సున్నా అన్న మాట వినగానే మనసు అక్కడే ఆగిపోతుంది. మోస్తరు ప్రాంతంలో సింగిల్ బెడ్‌రూం ఫ్లాటు అద్దె ఒక్కటే 60 లక్షల ఫ్రీలాన్సర్ ఇంటి దగ్గర కట్టే 5 లక్షల పన్నును మింగేసి ఇంకా అడుగుతుంది. అద్దె నెలనెలా కాదు, ముందస్తు తేదీల చెక్కులు కొన్ని రాసి ఇచ్చేయాలి, ఎన్ని తక్కువ చెక్కులైతే అంత బేరం. చెక్కు తిరిగొస్తే ఇంటి ఓనరుతో వ్యవహారం చాలా గట్టిగా ఉంటుంది. బడికెళ్ళే పిల్లలు ఇద్దరుంటే స్కూలు ఫీజు అద్దెతో పోటీ పడుతుంది.

అటువైపు లెక్క కూడా చూద్దాం. ఏడాదికి 1.2 కోట్ల జీతం తీసుకునే ఉద్యోగి ఇండియాలో కట్టేది దాదాపు 37.8 లక్షలు. ఒంటరిగానో, భార్యాభర్తలిద్దరో ఉంటే దుబాయ్ ఖర్చు పోను స్పష్టంగా మిగులుతుంది. ఇద్దరూ సంపాదించేవాళ్ళయితే ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. 60 లక్షల జీతం దగ్గర మాత్రం ఇంచుమించు సరిసమానం, అప్పుడు అమ్మానాన్నల ఆరోగ్యం, ఎండాకాలం భరించగలరా లేదా, ఇలాంటివే తేలుస్తాయి.

థాయ్‌లాండ్

2024 జులైలో వచ్చిన డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) మన వయసు కుర్రాళ్ళను బాగా ఊరిస్తోంది. ఐదేళ్ళు చెల్లుతుంది, ఎన్నిసార్లయినా రావచ్చు పోవచ్చు, ఒక్కసారి వస్తే 180 రోజులు ఉండొచ్చు. ఖాతాలో 5 లక్షల బాట్ల నిల్వ చూపించాలి, వయసు 20 దాటాలి, విదేశీ కంపెనీకో క్లయింట్లకో పనిచేస్తున్నట్టు కాగితాలు ఉండాలి. థాయ్ క్లయింటుకు పని చేయకూడదు. దుబాయ్‌తో పోలిస్తే దీనికి లైసెన్సులు లేవు, ఏడాది అద్దె చెక్కులు లేవు, చియాంగ్ మాయిలో నెలవారీ అద్దెకు మంచి గదులు దొరుకుతాయి.

పన్ను దగ్గర కొంచెం సూక్ష్మం ఉంది. క్యాలెండరు ఏడాదిలో 180 రోజులు ఉంటే అక్కడి పన్ను రెసిడెంటు. 2024 నుంచి సంపాదించిన విదేశీ ఆదాయాన్ని ఏ ఏడాది తెచ్చుకున్నా, దేశంలోకి తెచ్చుకున్న మేరకు పన్ను లెక్కలో చేరుతుంది. తెచ్చుకోనిది చేరదు. కానీ థాయ్‌లాండ్‌లో కూర్చుని చేసిన పనికి వచ్చిన డబ్బు, ఎక్కడ చెల్లించినా, అక్కడి ఆదాయమే. పన్ను లెక్కలో చేరిన జీతం ఏడాదికి 6 లక్షల బాట్లయితే, ఖర్చుల మినహాయింపు లక్ష, వ్యక్తిగత మినహాయింపు 60,000 పోను, మొదటి లక్షన్నరకు పన్ను లేకుండా, మిగతాదానికి 5, 10 శాతం స్లాబులు వేస్తే 21,500 బాట్లు. భయపడాల్సిన మొత్తం కాదు. కానీ రిటర్న్ వేయకుండా కూర్చోవడానికి ఇది కారణం కాకూడదు.

"179 రోజులు ఇక్కడ, 170 రోజులు ఇండియాలో, మిగతా వియత్నాంలో. ఎక్కడా రెసిడెంటు కాను" అనే ప్రణాళిక వేసుకునేవాళ్ళున్నారు. కాగితం మీద బాగుంటుంది. మొదటి ఏడాది 60 రోజుల నియమం దాన్ని పడగొట్టవచ్చు, ఎందుకంటే ఊళ్ళు తిరగడాన్ని ఉద్యోగం కోసం వెళ్ళడమని చూపించడం కష్టం. ఇండియాలో ఉన్న 170 రోజులు చేసిన పనికి వచ్చిన డబ్బు ఎలాగూ ఇక్కడ పన్నుకు వస్తుంది. పైగా ఏ బ్యాంకులో ఖాతా తెరిచినా 'మీరు ఏ దేశంలో పన్ను రెసిడెంటు?' అన్న గడి నింపాలి. అక్కడ ఏం రాస్తారు? ఏ దేశమూ సర్టిఫికెట్ ఇవ్వనివాడికి ఏ పన్ను ఒప్పందమూ అక్కరకు రాదు.

ఏడాదికి 80,000 డాలర్లు పైన సంపాదిస్తూ పెద్ద విదేశీ కంపెనీలో ఉద్యోగం ఉన్నవాళ్ళు డీటీవీని వదిలేసి పదేళ్ళ ఎల్‌టీఆర్ (దీర్ఘకాల రెసిడెంటు) వీసా చూడాలి. ఆ వర్గానికి విదేశీ ఆదాయం తెచ్చుకున్నా పన్ను మినహాయింపు ఉంది. కుటుంబంతో ఆసియాలోనే స్థిరంగా ఉండాలనుకునే సీనియర్ ఉద్యోగులకు దీనికి సాటి వచ్చేది తక్కువ.

మలేషియా

రిమోట్ పనివాళ్ళకు ఇచ్చే డీఈ రంతావు పాస్ 2022లో మొదలైంది. మూడు నుంచి పన్నెండు నెలలు ఇస్తారు, ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు. ఐటీ పనివాళ్ళకు ఏడాదికి 24,000 డాలర్ల ఆదాయం చాలు, మిగతా వృత్తులకు 60,000 అడుగుతారు. ఈ జాబితాలో కనీస ఆదాయం అడిగేవాటిలో అతి తక్కువతో దొరికేది ఇదే. రబ్బరు తోటల కాలంలో వెళ్ళిన తెలుగువాళ్ళ మనవళ్ళు, మునిమనవళ్ళు ఇప్పటికీ సంఘం పెట్టుకుని ఉగాది చేసుకునే దేశం, కూరగాయల మార్కెట్‌లో కరివేపాకు కోసం వెతుక్కోనక్కర్లేదు.

కానీ ఇక్కడే పెద్ద అపోహ ఉంది. మలేషియాలో విదేశీ ఆదాయానికి వ్యక్తులకు 2036 చివరి దాకా మినహాయింపు ఉంది, నిజమే. అయితే అక్కడ కూర్చుని చేసిన పనికి వచ్చిన డబ్బు, ఇచ్చేవాడు అమెరికాలో ఉన్నా, మలేషియాలో సంపాదించినట్టే లెక్క. ఆ మినహాయింపు మీ జీతానికి వర్తించదు. 182 రోజులు ఉంటే రెసిడెంటు స్లాబులు, అంతకంటే తక్కువ ఉంటే నాన్ రెసిడెంటు ఉద్యోగికి నేరుగా 30 శాతం, 60 రోజుల లోపు చిన్న మజిలీకి మాత్రం మినహాయింపు. కాబట్టి మూణ్ణాలుగు నెలల మలేషియా పన్ను పరంగా అన్నిటికంటే చెడ్డ బేరం. వెళితే ఏడాదికి వెళ్ళాలి, లేదా సెలవుకు వెళ్ళాలి.

యూరప్, మిగతావి

పోర్చుగల్ రిమోట్ పనివాళ్ళకు ఇచ్చే డి8 వీసాకు ఆ దేశ కనీస వేతనానికి నాలుగింతలు ఆదాయం కావాలి, 2026లో అంటే నెలకు 3,680 యూరోలు. ఒకప్పుడు కొత్తవాళ్ళను పిలిచిన ఎన్‌హెచ్‌ఆర్ పన్ను రాయితీ 2024 నుంచి కొత్తగా వచ్చేవాళ్ళకు మూసేశారు, దాని బదులు పెట్టింది చాలా ఇరుకైనది. మామూలు స్లాబులు 48 శాతం దాకా పోతాయి. ఫ్రీలాన్సర్లు మొదటి పన్నెండు నెలల తర్వాత సేవల ఆదాయంలో 70 శాతం మీద 21.4 శాతం సామాజిక భద్రత చందా కూడా కట్టాలి. స్పెయిన్ ఉద్యోగులకు 6 లక్షల యూరోల దాకా 24 శాతం ఒకే రేటు ఇస్తుంది, ఫ్రీలాన్సర్లకు ఆ తలుపు దాదాపు మూసే ఉంది. యూరప్‌కు పన్ను మిగుల్చుకోవడానికి ఎవరూ వెళ్ళకూడదు. ఐదేళ్ళ తర్వాత దీర్ఘకాల రెసిడెన్సీ, పిల్లలకు అక్కడి చదువు కావాలనుకునేవాళ్ళు ఆ పన్నును ధరగా అనుకుని వెళ్ళాలి.

బాలి కోసం ఇండోనేషియా ఇచ్చే ఈ33జీ వీసాకు ఏడాదికి 60,000 డాలర్లు చూపించాలి. ఎస్టోనియా ఈ-రెసిడెన్సీ కార్డు గురించి ఇంకా అడుగుతుంటారు కాబట్టి: అది వీసా కాదు, దానితో ఎస్టోనియాలో దిగలేరు, పన్ను రెసిడెన్సీ కూడా రాదు. కంపెనీ నడుపుకోవడానికి ఒక డిజిటల్ గుర్తింపు, అంతే.

నన్ను అడిగితే

కాంట్రాక్టర్లు, వసూలు 75 లక్షల లోపు, 44ఏడీఏ వర్తిస్తుంది: ఇంట్లోనే ఉండండి. లోకం చూడాలనిపిస్తే ఏడాదికి రెండు మూడు నెలలు థాయ్‌లాండ్ వెళ్ళి రండి, రెసిడెంటుగా ఇక్కడే పన్ను కట్టండి. వసూలు 75 లక్షలు దాటుతోంది, పెళ్ళి కాలేదు లేదా ఇద్దరే ఉన్నారు: దుబాయ్ ఫ్రీలాన్స్ పర్మిట్, ఏప్రిల్ నెలలో ప్రయాణం. కోటి దాటిన పేరోల్ ఉద్యోగులు ముందు మీ కంపెనీ హెచ్చార్‌ను రాతపూర్వకంగా అడగండి. ఉద్యోగి వేరే దేశంలో కూర్చుంటే కంపెనీకి అక్కడ పన్ను బాధ్యత పుట్టొచ్చు, చాలా కంపెనీలు అందుకే ఒప్పుకోవు, వీపీఎన్‌తో దాచిపెడదామనే ఆలోచన ఉద్యోగానికే ముప్పు. పిల్లలు ఆరో తరగతి దాటారంటే రెండేళ్ళ కోసం దేశం మార్చడాన్ని నేను సమర్థించలేను, లెక్క ఎంత మిగిలినా సరే.

మలేషియాను డబ్బు తక్కువగా ఉన్న ఐటీ కుర్రాళ్ళకే చెబుతాను, అదీ పూర్తి ఏడాదికి. డీటీవీ ఒంటరివాళ్ళకు, ఊరు మార్చడం ఇష్టమున్నవాళ్ళకు.

వెళ్ళే నెలలో, తిరిగొచ్చే ఏడాదిలో

బయల్దేరేముందు బ్యాంకుకు చెప్పి సేవింగ్స్ ఖాతాను ఎన్నారో ఖాతాగా (నాన్ రెసిడెంట్లు ఇండియా ఆదాయం ఉంచుకునే ఖాతా) మార్పించుకోవాలి. పని కోసం ఎప్పుడొస్తామో తెలియకుండా వెళుతున్నవాళ్ళు విదేశీ మారకం చట్టం ప్రకారం వెళ్ళిన రోజు నుంచే నాన్ రెసిడెంట్లు, పన్ను చట్టపు 182 రోజుల లెక్కతో దానికి సంబంధం లేదు. విదేశీ సంపాదనను ఎన్‌ఆర్‌ఈ ఖాతాలోకి (విదేశీ సంపాదన కోసం ఉండే వేరే ఖాతా) పంపుకుంటే దాని వడ్డీకి పన్ను ఉండదు. ఎన్నారో వడ్డీ మీద బ్యాంకు 30 శాతం, సెస్సు అదనంగా పట్టుకుంటుంది.

అమెరికా క్లయింటు దగ్గర మీరు అమెరికా పన్ను రెసిడెంటు కాదని నింపి ఇచ్చిన డబ్ల్యూ-8బెన్ ఫారం ఉంటుంది. దేశం మారితే కొత్తది ఇవ్వాలి. అమెరికా బయట కూర్చుని చేసిన పనికి అక్కడ పన్ను పట్టుకోరు. కానీ క్లయింటును కలవడానికి వెళ్ళి రెండు వారాలు అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి పనిచేస్తే ఆ భాగం అమెరికా ఆదాయమవుతుంది, సందర్శకుల వీసా మీద ఆ పనికి అనుమతీ లేదు.

తిరిగొచ్చేవాళ్ళ విషయంలో ఒక భ్రమ బలంగా ఉంది. పదిహేనేళ్ళు అమెరికాలో ఉండి వచ్చిన బంధువుకు రెండు మూడేళ్ళు విదేశీ ఆదాయం మీద ఇక్కడ పన్ను పడలేదు కాబట్టి తమకూ అంతేనని అనుకుంటారు. 'ఆర్డినరీ కాని రెసిడెంట్' హోదా కావాలంటే గత పదేళ్ళలో తొమ్మిదేళ్ళు నాన్ రెసిడెంటుగా ఉండాలి, లేదా గత ఏడేళ్ళలో ఇండియాలో 729 రోజులకు మించకుండా ఉండాలి. దుబాయ్‌లో రెండేళ్ళు ఉండి వచ్చినవాళ్ళకు ఈ రెండూ కుదరవు. వచ్చిన ఏడాది 182 రోజులు ఉంటే, కొన్నిసార్లు పైన చెప్పిన 60 రోజుల నియమంతో ఇంకా ముందే, పూర్తి రెసిడెంటు. అక్కడి బ్యాంకు ఖాతా, షేర్లు, మిగిలిన బ్యాలెన్సు, అన్నీ రిటర్న్‌లోని విదేశీ ఆస్తుల షెడ్యూలులో చూపించాలి. చూపించకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది. 2024 అక్టోబరు నుంచి స్థిరాస్తి కాని ఆస్తులకు 20 లక్షల లోపు విలువైతే ఆ జరిమానా నుంచి సడలింపు ఇచ్చారు, చూపించడం మాత్రం తప్పదు. ఏ ఖాతా మూసేయాలో, ఏది ఉంచుకోవాలో తిరుగు టికెట్ తీసుకునేముందే తేల్చుకోండి, ఎందుకంటే ఎమిరేట్స్ ఐడీ గడువు తీరాక అక్కడి బ్యాంకు ఖాతా మూయించడం హైదరాబాద్ నుంచి ఫోన్ మీద అయ్యే పని కాదు.